ఆది జాకెట్టు

పోయినేడాది వేసవిలో కొత్తపేటలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి జరిగింది. పెళ్ళికి నెల ముందే పెళ్ళికూతురు మా ఆడవాళ్ళందరి ఫోన్లకీ ఒక ఫోటో పంపించింది. అందులో ఎవరో అమ్మాయి లేత రంగు ఆర్గంజా చీర కట్టుకుని, భుజాల దగ్గర ఉబ్బెత్తుగా లేచిన బుట్ట చేతుల జాకెట్టు తొడుక్కుని, ఎటో చూస్తూ నవ్వుతోంది. దాని కింద "ఈ సమ్మర్‌కి ఇదే ట్రెండు, అందరూ ఇలాగే రావాలి ప్లీజ్" అని రాసి ఉంది.

ఆ ఫోటోలో అమ్మాయి మెడ కొంగ మెడలా ఉంది. నడుం గురించి చెప్పక్కర్లేదు. నేను ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నలభై ఏడేళ్ళు నిండాయి. పొట్టిదాన్ని, భుజాలు వెడల్పు, మెడ ఉందా లేదా అంటే ఉందని ఒప్పుకోవాలి, అంతే.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఫోటో చూసి గంతేసింది.

"అమ్మా, నీకు లావెండర్ బాగుంటుంది. ఇప్పుడే ఆర్డర్ పెట్టేస్తాను."

వద్దనడానికి కారణం దొరకలేదు. నిజం చెప్పాలంటే వద్దనాలని అనిపించలేదు కూడా. స్కూల్లో ఆడపిల్లలు నా గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు. లెక్కల మేడం చీర చూస్తే ఆవేళ ఏ వారమో తెలిసిపోతుందట. సోమవారం బూడిద రంగు, మంగళవారం కాఫీ పొడి రంగు, బుధవారం మళ్ళీ బూడిదే, కాకపోతే అంచు వేరు. ఒక్కసారి నేనూ కాలంతో పాటు నడిస్తే పోయేదేముంది అనుకున్నాను.

చీర వచ్చింది. పొట్లం విప్పితే మామూలు చీరలా జారి పడలేదు, లేచి కూర్చుంది. అంత బిరుసు. సరే, కడితే అణుగుతుందిలే అనుకుని, జాకెట్టు గుడ్డ పట్టుకుని అమలాపురంలో మాకు అలవాటైన టైలరు దగ్గరికి వెళ్ళాను. చేతిలో నా ఆది జాకెట్టు ఉంది. ఎప్పుడో ఒంటికి చక్కగా కుదిరిన జాకెట్టు ఒకటి దాచుకుని, కొత్తది కుట్టించినప్పుడల్లా దాన్నే కొలతగా ఇవ్వడం మా ఇంట్లో అలవాటు. నాది మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన ఏడు కుట్టించినది.

"బుట్ట చేతులు పెట్టాలండి" అన్నాను.

"పెట్టేద్దామండి మేడం. ఆది పాతదే కదండీ?"

"పాతదే."

"ఆయ్, అయితే ఇంకేం. గురువారం వచ్చెయ్యండి" అన్నాడాయన.

గురువారం తెచ్చుకున్న జాకెట్టు పెళ్ళి రోజు పొద్దున్న తొడుక్కున్నాను. ఊపిరి పూర్తిగా పీల్చకుండా ఉంటే సరిపోయింది. చీర కట్టడానికి మా అమ్మాయి, నేను ఇద్దరం కుస్తీ పట్టాం. కుచ్చిళ్ళు ఒకచోట పెడితే ఇంకోచోట లేచాయి. మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి "బానే ఉంది" అన్నారు. ఆయన ఏ చీరకైనా అదే మాట అంటారు, చీర కట్టుకోకముందు కూడా అంటారు.

కారులో వెనక సీట్లో నేను, మా అమ్మాయి, మా అత్తగారు కూర్చున్నాం. నా చీరకే ఒక సీటు పట్టింది. అత్తయ్యగారు కిటికీకి ఒదిగి కూర్చుని, తన ఒళ్ళోకి వచ్చిపడ్డ నా కుచ్చిళ్ళని అరచేత్తో నొక్కుతూ "ఇది అణగదేంటే అమ్మాయ్" అని కొత్తపేట చేరేదాకా అంటూనే ఉన్నారు.

చర్చిలో పెళ్ళి సవ్యంగా జరిగింది. చిక్కంతా భోజనాల దగ్గర వచ్చింది. షామియానా కింద మనిషెత్తు ఫ్యాన్లు పెట్టారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని భోజనాల ప్రార్థన మొదలుపెట్టారు. నేను సరిగ్గా ఫ్యానుకీ ఆయనకీ మధ్య నిలబడ్డాను. నా భుజం మీద పిన్ను ఊడింది, పైట గాలిపటంలా లేచింది, వెళ్ళి ఆయన తల మీద వాలింది. ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత కళ్ళు తెరవకుండానే "ప్రభువా, నీ కృప మమ్మును కప్పియున్నందుకు నీకు స్తోత్రం" అంటూ ప్రార్థన కొనసాగించారు.

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పైట వెనక్కి లాక్కుందామని చెయ్యెత్తాను. అంతే, చంక దగ్గర కుట్లు పటపటమని తెగిపోయాయి. ఆమెన్ అన్నాక మగపెళ్ళివారి వైపు ముసలావిడ ఒకావిడ నా దగ్గరికి వచ్చి, చీర అంచు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"ఏవమ్మా, దోమతెర కట్టుకొచ్చేవా? మంచి పనే చేసేవులే, ఈ తోటల్లో దోమలెక్కువ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎడమ చెయ్యి ఒంటికి అంటించుకుని, కుడి చేత్తోనే భోజనం ముగించి ఇంటికి వచ్చాను.

కానీ వారం తర్వాత ఫోటోలు వచ్చినప్పుడు నవ్వు రాలేదు. భుజాల మీద రెండు బుట్టలు, వాటి మధ్య ఇరుక్కున్న తల, కింద ఒక గుడారం. పక్కన అదే రకం చీరల్లో ఇరవై ఏళ్ళ పిల్లలు సీతాకోకచిలకల్లా ఉన్నారు. నేను ఫోను మూసేసి, చీర మడతపెట్టడానికి ప్రయత్నించి, కుదరక ఉండచుట్టి బీరువా అడుగున తోసేశాను. ఇలాంటివి మనకి కాదు అని తేల్చేసుకున్నాను. జూన్లో స్కూలు తెరిచారు. సోమవారం బూడిద రంగు కట్టుకున్నాను. మంగళవారం కాఫీ పొడి రంగు తీశాను.

ఆ మంగళవారం అత్తయ్యగారు వరండాలో కుర్చీలో కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. పొడుగ్గా, సన్నగా, ఇప్పటికీ నిటారుగా నడుస్తారు. ప్రభుత్వ నర్సుగా పనిచేశారు. రోడ్లు లేని రోజుల్లో పడవల మీద వెళ్ళి, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఊళ్ళలో పురుళ్ళు పోసిన మనిషి.

"మళ్ళీ కాఫీ పొడేనా?" అన్నారు.

"నాకివే కుదురుతాయండి అత్తయ్యగారూ."

"కుదరడం కాదే, అలవాటు. ఒక మందు పడలేదని ఇంక మందులే మింగనంటే ఎలాగ? అలాంటప్పుడు మేమేం చేసేవాళ్ళమో తెల్సా? మోతాదు మార్చేవాళ్ళం."

"ఎవరు మారుస్తారండి?"

"ముమ్మిడివరంలో మిషను కుట్టే పిల్లొకతి ఉంది. నా చేతుల మీద పుట్టింది. శనివారం దాని దగ్గరికి వెళ్దాం. ఆ దోమతెర కూడా పట్టుకురా."

శనివారం ఆటోలో వెళ్ళాం. రొయ్యల మేత అమ్మే దుకాణం పైన ఒక గది. మెట్లెక్కుతుంటే మేత వాసన, పైకి చేరాక కొత్త గుడ్డల వాసన. గదిలో రెండు మిషన్లు, గోడకి నిలువెత్తు అద్దం. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెడలో టేపు వేసుకుని మిషను మీద వంగి ఉంది. అత్తయ్యగారిని చూడగానే లేచి నిలబడింది.

"అమ్మగారూ! మీరెక్కేరా ఆ మెట్లన్నీ! కబురెడితే నేనే వద్దును కదండీ."

ఆవిడ పుట్టిల్లు ఏటి మొగ దగ్గర. తండ్రి వేటకి వెళ్ళేవాడట, భర్త ఇప్పుడు రొయ్యల చెరువుల మీద పని చేస్తున్నాడు. మాకు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, విషయం అడిగింది. నేను ఆది జాకెట్టు చేతికిచ్చాను. కిటికీ వెలుతుర్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇదెప్పటిదండి మేడంగారూ?"

"పన్నెండు పదమూడేళ్ళయింది."

"ఆయ్. అయితే ఇది అప్పటి మేడంగారి కొలతండి. ఆవిడకి కుట్టమంటే కుడతాను. ఇప్పుడు నా ఎదురుగా నుంచున్నది మీరు కదండీ."

నా ముఖం వేడెక్కింది. నిజమే, ఇన్నేళ్ళుగా నేను ప్రతి కొత్త జాకెట్టూ ఇంకెవరి ఒంటికో కుట్టించుకుని, అందులో దూరుతూ వచ్చాను. ఆవిడ టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది. అంకెలు పైకి చదవలేదు, పక్కన నోటుబుక్కులో గబగబా వేసుకుంది. లెక్కల టీచర్ని కాబట్టి తొంగి చూడాలనిపించింది. చూడలేదు.

"ఇప్పుడు బోర్డు మీద రాసేటప్పుడు ఎలా ఎత్తుతారో అలా చెయ్యెత్తండి."

ఎత్తాను.

"అంత పైకేనాండి?"

"సిద్ధాంతం పైనుంచే మొదలెట్టాలి కదమ్మా."

చెయ్యి పైకి ఉండగానే చంక కింద నుంచి మోచేతి దాకా కొలిచింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా చెయ్యి ఎత్తించి కొలత తీసుకున్న టైలరు ఆవిడొక్కతే.

తర్వాత కత్తిరింపు ముక్కల సంచీ బోర్లించి, నన్ను అద్దం ముందు నిలబెట్టి, ఒక్కొక్క రంగు ముక్కా నా గడ్డం కింద పెట్టి చూసింది. "ఈ ఏడు అందరూ లేత రంగులంటున్నారండి. అన్ని లేత రంగులూ అందరికీ రావు" అంది. లేత గులాబీ పెడితే నాకు జ్వరం వచ్చినట్టు ఉంది. లేత పసుపు పెడితే కామెర్లు అని అత్తయ్యగారు తేల్చేశారు. చివరికి ఒక ముక్క పెట్టగానే ముగ్గురం ఒకేసారి అద్దంలోకి వంగాం. ముఖం విప్పారింది. నేను కొన్న చీర రంగే, కాకపోతే ఒక పాలు ముదురు.

"ఇదీ లావెండరేనా?" అన్నాను.

"లావెండరేంటే, వంగపువ్వు రంగు" అన్నారు అత్తయ్యగారు. "నా చిన్నప్పుడూ ఉంది. మీరు కొత్తగా కనిపెట్టినట్టు చెప్తారు."

టైలరమ్మ ఆ ముక్క నా చేతిలో పెట్టింది. "రంగు ఈ కాలానిదే తీసుకోండి. గుడ్డ మాత్రం ఒదిగేది తీసుకోండి, నిలబడే గుడ్డ మీకొద్దు. బుట్ట ముచ్చటగా ఉందంటే ఉండనిద్దాం గానీ భుజం మీద కాదండి. చెయ్యి మోచేతి దాకా దింపి, అంచు దగ్గర చిన్న కుచ్చులు పోస్తాను. మెడ గుండ్రంగా కాకుండా కోణంగా దింపితే మీకు మెడ వస్తుంది."

"ఎన్ని డిగ్రీల కోణం?"

"అది మీరే చెప్పాలండి, లెక్కల మేడంగారు" అని నవ్వేసింది.

ఇక ఆర్గంజా చీర సంగతి. "దీంతో కర్టెన్లు కుట్టేస్తావా?" అని సంచీలోంచి తీశాను. ఆవిడ చీర విప్పి, ఎంత పొడవుందో చూడ్డానికి చుట్టూ చూసి, కిటికీ దగ్గర నిలబడి ఉన్న అత్తయ్యగారి భుజం మీద ఒక చెరగు వేసింది. చూడ్డానికే వేసింది. కానీ వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

నా ఒంటి మీద గుడారంలా లేచిన చీర ఆవిడ భుజం మీంచి పాదాల దాకా ఒకే గీతగా దిగింది. ఆ బిరుసు ఆవిడ సన్నదనానికి నిండుతనం ఇచ్చింది. లేత వంగపువ్వు రంగు ఆవిడ తెల్ల జుట్టు పక్కన మెరుస్తోంది. అత్తయ్యగారు అద్దంలోకి చూసుకున్నారు.

"నాకెందుకే ఇలాంటివి" అన్నారు. చెయ్యి మాత్రం చీర మీంచి తియ్యలేదు.

"నాకు ఊహ తెలిసిన్నుంచీ మిమ్మల్ని తెలుపులోనే చూసేనండి అమ్మగారూ" అంది టైలరమ్మ.

"నన్ను నేనూ అలాగే చూసుకున్నానే. ముప్పై నాలుగేళ్ళు యూనిఫాం. రిటైరయ్యేక నాలుగేళ్ళు రంగులు కట్టేను. మీ అయ్యగారు పోయేరు. మళ్ళీ తెలుపు."

రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా చెప్పారు. పద్నాలుగేళ్ళుగా ఆ తెల్ల చీరలు ఉతికి ఆరేసింది నేనే. వాటిని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

"మీరు తీసుకోండి అత్తయ్యగారూ" అన్నాను. "నేను కడితే దోమతెర, మీరు కడితే చీర."

ఆవిడ నవ్వి, చీరని నర్సులు దుప్పటి మడతపెట్టినట్టు చకచకా మడిచారు. నాకు లొంగని చీర ఆవిడ చేతుల్లో నాలుగు మడతల్లో అణిగిపోయింది.

ఆ తర్వాతి శనివారం నేను బండారులంక వెళ్ళి మగ్గం మీది నూలు చీర కొనుక్కున్నాను. వంగపువ్వు రంగు, సన్నటి ముదురు అంచు. నేసినాయన "ఈ రంగు ఇప్పుడు పిల్లలు అడుగుతున్నారండి, మేమూ నేస్తున్నాం" అన్నాడు. టైలరమ్మ కుట్టిన జాకెట్టుతో దాన్ని ఒక మంగళవారం స్కూలుకి కట్టుకెళ్ళాను. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే గుసగుసలు. ముందు బెంచీలో పిల్ల లేచి, చాలా వినయంగా "మేడం, ఇవాళ ఏ వారమండి?" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ ఆపుకోలేక నవ్వి, బోర్డు వైపు తిరిగి పైనుంచి రాయడం మొదలుపెట్టాను. చెయ్యి హాయిగా లేచింది.

అత్తయ్యగారు మాత్రం ఆ చీర బీరువాలోంచి తియ్యలేదు. జూన్ పోయింది, జూలై పోయింది. నేనూ అడగలేదు. ఆగస్టులో ఒక ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్ల ఆదివారం కాదు, మామూలు ఆదివారమే, చర్చికి బయల్దేరుతుంటే గదిలోంచి ఆ చీరలో బయటికి వచ్చారు. తనదే పాత తెల్ల నూలు జాకెట్టు, చేతులు మోచేతి కిందికి. పైట మడతలు కొలిచి పెట్టినట్టు పిన్ను చేసుకున్నారు.

మా ఆయన చెప్పులు తొడుక్కుంటూ తలెత్తి, అలాగే వాళ్ళమ్మని చూస్తూ ఉండిపోయారు. ఆయన ఎప్పటి మాట ఆయనకి గుర్తు రాలేదు. "ఎంత బాగున్నావమ్మా" అన్నారు, మెల్లగా.

"మామ్మా, పేస్టల్ చీరకి తెల్ల బ్లౌజు! ఇప్పుడు ఇదే ట్రెండు తెల్సా నీకు?" అంది మా అమ్మాయి.

"నాకేం తెలుసే. నా దగ్గర ఉన్న జాకెట్లన్నీ తెల్లవే."

చర్చి గుమ్మం దగ్గర ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. అలవాటు కొద్దీ నాడి చూస్తున్నారేమో అనుకున్నాను. కానీ ఆ వేళ్ళలో దడదడా కొట్టుకుంటున్నది ఆవిడ నాడే. లోపలికి వెళ్ళాం. తలలు తిరిగాయి. ఆరాధన అయ్యాక, యాభై దాటిన ఒకావిడ దగ్గరికి వచ్చి నవ్వుతూనే అంది.

"ఇదేంటండీ నర్సమ్మగారూ, ఈ వయసులో రంగులు మొదలెట్టేరు?"

అత్తయ్యగారు ఆవిడ గడ్డం పట్టుకున్నారు.

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను తెల్ల గుడ్డలో చుట్టి మీ అమ్మ చేతికిచ్చింది నేనే. ఈ ఊళ్ళో సగంమందిని అలాగే చుట్టేను. ఇప్పుడు నన్నో రంగు గుడ్డ చుట్టుకోనివ్వండే."

అడిగినావిడే ముందు నవ్వేసి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని, "ఎక్కడ కొన్నారో చెప్పండి, మా అమ్మకి కూడా తీసుకుంటాను" అంది. ఆ తర్వాత అత్తయ్యగారు తెలుపు మానలేదు గానీ, నెలకి రెండు ఆదివారాలు రంగులకి ఇచ్చేశారు.

వానాకాలంలో మా అమ్మాయి వంతు వచ్చింది. కాలేజీలో అందరూ నేలని ఊడ్చేంత వెడల్పు ప్యాంట్లు వేస్తున్నారని తనూ కొనుక్కుంది. కాలవగట్టు మీద నడిచి బస్సెక్కేసరికి మోకాళ్ళ దాకా బురద. మూడో రోజు బకెట్టు ముందు కూర్చుని ఏడుపు మొహంతో ఉతికింది. అది తనంతట తనే ముమ్మిడివరం మెట్లెక్కింది. టైలరమ్మ వెడల్పు ముట్టుకోకుండా పొడవు చీలమండ పైకి కత్తిరించి, మిగిలిన గుడ్డతో నడుముకి జేబు కుట్టింది. నాలుగు రోజుల్లో దాని స్నేహితురాళ్ళు ఆ జేబు చూసి అడ్రసు అడిగారట.

డిసెంబరు వచ్చింది. మా చర్చి స్త్రీల సమాజంలో పాటల బృందానికి పన్నెండు మందిమి. క్రిస్మస్‌కి ఒకే రకంగా కట్టుకోవడం మాకు ఆనవాయితీ. ఆ ఏడు గ్రూపులో వచ్చిన ఫోటో మెరూన్ రంగు వెల్వెట్ జాకెట్టు, మెడ మూసేసి, బుట్ట చేతులు పెట్టినది. దాని మీదకి క్రీము చీర. పాస్టరమ్మగారు "ఒకేసారి రెడీమేడ్‌గా తెప్పించేద్దాం, ఎవరికీ శ్రమ ఉండదు" అన్నారు. నాకు షామియానా కింద ఫ్యాను గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను.

"రంగు ఒకటే పెట్టుకుందామండి. వెల్వెట్టూ అందరికీ ఉండాలి. కుట్టు మాత్రం ఎవరి ఒంటికి వాళ్ళది."

"అప్పుడది యూనిఫాం ఎలా అవుతుందండి టీచరుగారూ?"

"మనం నాలుగు గొంతుల్లో పాడతాం కదండీ. పాట ఒకటే కదా."

పాస్టరమ్మగారు ఆలోచించారు. బృందంలో అన్నిటికంటే కింది గొంతు పాడే లావుపాటి ఆవిడ వెనక నుంచి "నాకు మెడ మూసేస్తే గొంతు రాదండి బాబూ" అంది. దాంతో ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. ఒకరికి చేతులు బిగుతుగా ఉంటే వాపు, ఒకరికి వీపు కనపడితే ఇబ్బంది, ఒకరు చంటిపిల్ల తల్లి, ముందు హుక్కులు కావాలి. ఇన్నేళ్ళూ ఇవన్నీ నోరెత్తకుండా మోశామా అని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పాస్టరమ్మగారు చేతులెత్తేసి, "ఆ టైలరమ్మ ఎక్కడుందో చెప్పండి, ముందు నేనే వెళ్తాను" అన్నారు.

పన్నెండు మందిమీ రెండు జట్లుగా ఆ మెట్లెక్కాం. కింద మేత దుకాణం ఆయన "పైన మీటింగేవైనా పెట్టేరాండి?" అని అడిగాడు. టైలరమ్మ ఒక్కొక్కరినీ అద్దం ముందు నిలబెట్టి, కూర్చోబెట్టి, పాట పుస్తకం పట్టుకున్నట్టు చేతులు పెట్టించి కొలిచింది. నాకు ఒళ్ళంతా వెల్వెట్టు వద్దంది. అదే రంగు పట్టుగుడ్డతో జాకెట్టు, మెడ కోణానికీ చేతుల అంచుకీ మాత్రం వెల్వెట్ పట్టీ. సరిగ్గా పండగ వారంలో ముసురు పట్టి కరెంటు వస్తూ పోతూ ఉంటే, ఆవిడ కాళ్ళతో తొక్కే పాత మిషను అటక మీంచి దింపించింది. ఆఖరి జాకెట్టు ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం తెమిలింది.

"మీ పాట వినడానికి నేనూ రావచ్చాండి?" అని అడిగింది, నా జాకెట్టు కాగితంలో చుడుతూ. ఆవిడ గుడికి వెళ్ళే మనిషి, ఎప్పుడూ చర్చి లోపలికి రాలేదట.

"నీకు ముందు వరసలో చోటుంచుతాను" అన్నారు అత్తయ్యగారు.

క్రిస్మస్ పొద్దున్న ముసురు విడిచింది. పన్నెండు మందిమీ చర్చిలో వేదిక మెట్ల మీద నిలబడ్డాం. పన్నెండు రకాల మెడలు, పన్నెండు రకాల చేతులు, ఒకటే రంగు. దూరం నుంచి చూస్తే ఒకే బట్టలా ఉందనీ, దగ్గరికొస్తే ఎవరి అందం వాళ్ళదనీ తర్వాత చాలామంది చెప్పారు. చివరి చరణంలో చేతులెత్తి పాడాలని పాస్టరమ్మగారు నేర్పించారు. ఎత్తాం. అత్తయ్యగారి పక్కన కూర్చున్న టైలరమ్మ మా ముఖాలు చూడటం లేదు. ఆవిడ కళ్ళు ఒక్కొక్కరి చంక మీదా ఆగుతూ వరసగా వెళ్ళాయి. ఎక్కడా ఒక్క కుట్టు కదల్లేదు. అప్పుడు ఒళ్ళో చేతులు జోడించుకుని, వెనక్కి ఆనుకుని, పాట వినడం మొదలుపెట్టింది. కింది గొంతు ఆవిడ ఆవేళ పాడినంత గట్టిగా ఎన్నడూ పాడలేదు.

బయట కేకు ముక్కలు పంచుతుంటే పాస్టరమ్మగారు టైలరమ్మకి రెండు ముక్కలు పెట్టి, ఈస్టరుకి ఏం కుట్టించుకుందామో ఇప్పుడే చెప్పమన్నారు. "ఇది అరగనివ్వండమ్మా" అంది ఆవిడ.

ఈ వేసవికి మళ్ళీ కొత్తవి దిగాయి. కంచాలంత పసుపు పువ్వుల ప్రింట్లు, చీరల మీద, డ్రెస్సుల మీద, ఎక్కడ చూసినా అవే. మొన్న మా అమ్మాయితో అమలాపురం వెళ్ళినప్పుడు బట్టల దుకాణంలో ఒకటి భుజం మీద వేసుకుని చూశాను. ఒక పువ్వు తిన్నగా వచ్చి నా పొట్ట మీద విచ్చుకుంది. అద్దంలో అది చూసి మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వాగలేదు.

"మీకు చాలా బాగుందండి మేడం, ఇప్పుడంతా ఇవే" అంది దుకాణంలో అమ్మాయి.

"చీర బాగుందమ్మా. ఈ ఏడు దీన్ని చూసి ఆనందిస్తాను" అని మడిచి ఇచ్చేశాను. మనసు చివుక్కుమనలేదు, చిన్నతనంగానూ లేదు.

మా అమ్మాయి మాత్రం అదే పువ్వుల చున్నీ ఒకటి తీసుకుంది. పొడుగు పిల్ల, దానికి ఒప్పింది. బయటికొస్తే ఎండ మాడు పగిలేలా ఉంది, ఆటోలు లేవు. అది చున్నీ విప్పి ఒక కొస నా తల మీద, ఒక కొస తన తల మీద వేసింది. ఆటో వచ్చేదాకా ఆ పువ్వుల కింద ఇద్దరం చెరకురసం తాగుతూ నిలబడ్డాం.